పుదుచ్చేరి: ఇంటికి దూరంగా ఉన్న విద్యార్థులు కరోనా ఆంక్షల కాలాన్ని ఎలా దాటారు?

2020 మార్చి 24 రాత్రి ప్రధాన మంత్రి నరేంద్ర మోదీ దేశవ్యాప్త లాక్‌డౌన్‌ను ప్రకటించారు. ఎక్కడివారు అక్కడే ఉండాలన్నది ఆ ప్రకటన సారాంశం. సొంత ఇంట్లో ఉన్నవారికి దాని అర్థం తేలికగానే బోధపడింది. సొంత రాష్ట్రానికి దూరంగా విశ్వవిద్యాలయ హాస్టల్‌లోనో, అద్దె గదిలోనో ఉంటూ చదువుకుంటున్న విద్యార్థికి మాత్రం ఒక ప్రశ్న ఎదురైంది. ‘అక్కడే’ అంటే ఎక్కడ? చదువుకుంటున్న ఊరా, పుట్టిన ఊరా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి, కేంద్రపాలిత ప్రాంతంలోని తెలుగు గడ్డ యానాం నుంచి ఉన్నత చదువుల కోసం విద్యార్థులు వెళ్లే పట్టణాల్లో పుదుచ్చేరి ఒకటి. ఆంక్షల కాలంలో అక్కడి విద్యార్థుల సమస్యను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఆ పట్టణం భౌగోళిక స్వరూపాన్ని తెలుసుకోవాలి.

విశ్వవిద్యాలయం ఒకచోట, పట్టణం మరొకచోట

పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన కేంద్రీయ విశ్వవిద్యాలయం. భారత ఉపరాష్ట్రపతి దీనికి కులపతిగా వ్యవహరిస్తారు. దీని ప్రధాన ప్రాంగణం పట్టణానికి ఉత్తరాన, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన, బంగాళాఖాతానికి ఎదురుగా ఉన్న కాలాపేటలో ఉంది. పాండిచ్చేరి ఇంజినీరింగ్ కళాశాల కూడా ఆ పరిసరాల్లోనే ఉంది. అది తర్వాత పుదుచ్చేరి టెక్నలాజికల్ యూనివర్సిటీగా మారింది.

పుదుచ్చేరి భూభాగం ఒకే ముక్కగా ఉండదు. ఫ్రెంచివారి కాలం నాటి సరిహద్దులే ఇప్పటికీ కొనసాగుతున్నందున దాని మధ్య మధ్యలో తమిళనాడు గ్రామాలు వస్తాయి. కాలాపేట కూడా అలాంటి విడి ముక్కే. అక్కడి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా పుదుచ్చేరి పట్టణానికి రావాలంటే తమిళనాడులోని విళుపురం జిల్లాకు చెందిన కొట్టకుప్పం తదితర ప్రాంతాలను దాటాలి.

మామూలు రోజుల్లో ఈ సరిహద్దును ఎవరూ పట్టించుకోరు. సిటీ బస్సు ఎక్కినవారికి తాము ఒక రాష్ట్రంలోకి వెళ్లి మళ్లీ బయటికి వచ్చామన్న సంగతి కూడా తెలియదు. రాష్ట్రాల సరిహద్దులు మూతపడినప్పుడు మాత్రం ఆ గీత ఉన్నట్టుండి రోడ్డు మీద ప్రత్యక్షమైంది. మందులకో, బ్యాంకు పనికో, రైలు స్టేషనుకో పట్టణానికి వెళ్లడం కూడా అంతర్రాష్ట్ర ప్రయాణమే అయింది.

స్వరాష్ట్రానికి వెళ్లే దారి ఇంకా పొడవైనది. పుదుచ్చేరి నుంచి రోడ్డు మార్గంలో ఆంధ్రప్రదేశ్ చేరుకోవాలంటే తమిళనాడును దాటక తప్పదు. తెలంగాణ విద్యార్థి మూడు సరిహద్దులు దాటాలి. ఆంక్షల కాలంలో ప్రతి సరిహద్దుకూ దానిదైన అనుమతి, దానిదైన పరీక్ష, దానిదైన క్వారంటైన్ నిబంధన ఉండేవి.

2020 మార్చి: వెళ్లిపొమ్మన్నారు, ఉండిపొమ్మన్నారు

కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చి 11న పేర్కొంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తొలి కేసు ఆ నెల మధ్యలో, కేరళ తీరంలోని మాహేలో బయటపడింది. అదే సమయంలో దేశమంతటా విద్యా సంస్థలు మూతపడటం మొదలైంది. పరీక్షలను మార్చి 31 వరకు వాయిదా వేయాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) మార్చి 19న సూచించింది.

తరగతులు లేవంటే సాధారణంగా హాస్టళ్లు కూడా ఖాళీ అవుతాయి. అయితే అప్పటికే హాస్టళ్లలో ఉండిపోయినవారిని, ముఖ్యంగా విదేశీ విద్యార్థులను, తగిన జాగ్రత్తలతో అక్కడే కొనసాగనివ్వాలని కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ సూచించింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్ వచ్చాయి. రైళ్లు, బస్సులు, విమానాలు ఆగిపోయాయి. మొదటి రోజుల్లోనే బయల్దేరగలిగినవారు ఇళ్లకు చేరారు. పరిశోధన పని మిగిలి ఉన్నవారు, టికెట్ దొరకనివారు, సెలవులు రెండు వారాలేనని నమ్మినవారు ఆగిపోయారు.

గరికపాడులో తేలిన నిజం

విద్యార్థులు రెండు రాష్ట్రాల మధ్య ఎలా చిక్కుకున్నారన్నది తెలుగు ప్రజలు కళ్లారా చూసింది మార్చి 25న. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ఎస్సార్ నగర్ ప్రాంతాల ప్రైవేటు హాస్టళ్లు ఖాళీ చేయాలని చెప్పడంతో అక్కడి విద్యార్థులు, ఉద్యోగార్థులు ప్రయాణ పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసులు అందుకుని బయల్దేరినవారిని అప్పటి కృష్ణా జిల్లా జగ్గయ్యపేట సమీపంలోని గరికపాడు చెక్‌పోస్టు వద్ద ఆంధ్రప్రదేశ్ అధికారులు ఆపివేశారు.

ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి రెండో రాష్ట్రంలో చెల్లలేదు. ఇరు రాష్ట్రాల ప్రభుత్వాలు మాట్లాడుకున్న తర్వాత పాసులు ఇవ్వడం ఆగింది. హాస్టళ్లను మూయరాదని తెలంగాణ ప్రభుత్వం నిర్వాహకులను ఆదేశించింది. సరిహద్దు దాటేవారు 14 రోజుల క్వారంటైన్‌కు సిద్ధపడాలని ఆంధ్రప్రదేశ్ స్పష్టం చేసింది.

పొరుగున ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల మధ్యే ఇంత చిక్కు వచ్చిందంటే మధ్యలో మరో రాష్ట్రం ఉన్న పుదుచ్చేరి విద్యార్థుల పరిస్థితిని ఊహించవచ్చు. వారు హాస్టల్‌లో ఉంటే అక్కడి ప్రభుత్వ లెక్కల్లో బయటివారు. ఇంటికి బయల్దేరితే సొంత రాష్ట్రానికీ బయటి నుంచి వస్తున్నవారే.

ఇంటికి దారి ఎప్పుడు తెరుచుకుంది?

లాక్‌డౌన్ విధించిన దాదాపు ఐదు వారాలకు, 2020 ఏప్రిల్ 29న, కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు జారీ చేసింది. చిక్కుకుపోయిన వలస కార్మికులు, యాత్రికులు, పర్యాటకులతో పాటు విద్యార్థులు కూడా సొంత రాష్ట్రాలకు వెళ్లేందుకు అది అనుమతి ఇచ్చింది. పంపే రాష్ట్రం, చేర్చుకునే రాష్ట్రం పరస్పరం అంగీకరించాలని, ప్రయాణికులకు ఆరోగ్య పరీక్షలు జరపాలని, మధ్యలోని రాష్ట్రాలు దారి ఇవ్వాలని అందులో పేర్కొంది.

అంతకుముందే, ఏప్రిల్ మూడో వారంలో, రాజస్థాన్‌లోని కోటాలో ఉన్న తమ విద్యార్థుల కోసం ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం బస్సులు పంపింది. దానితో ఇతర రాష్ట్రాలపైనా ఒత్తిడి పెరిగింది. మే 1న తొలి శ్రామిక్ రైలు తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. మే 25న దేశీయ విమానాలు, జూన్ 1న మరో 200 రైళ్లు మొదలయ్యాయి. అంతర్రాష్ట్ర రాకపోకలను అడ్డుకోరాదని ఆగస్టు 22న కేంద్రం రాష్ట్రాలకు మరోసారి రాయవలసి వచ్చింది.

కోటా విద్యార్థులు ఒకేచోట వేల సంఖ్యలో ఉన్నందున వారి సమస్య అందరికీ కనిపించింది. ఒక్కో విభాగంలో నలుగురైదుగురు చొప్పున ఒక్కో రాష్ట్రం వారు చెదిరి ఉండే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ బలం ఉండదు. బస్సు నిండేంత మంది లేనప్పుడు కారు అద్దెను, అనుమతి పత్రాల వెతుకులాటను ఎవరికి వారే భరించాలి.

యానాం: సొంత ప్రాంతమే, అయినా దూరం

యానాం విద్యార్థుల స్థితి మరీ విచిత్రమైనది. పరిపాలన రీత్యా యానాం పుదుచ్చేరిలో భాగమే. కానీ అది కాకినాడకు చేరువలో, గోదావరి తీరాన, నాలుగు వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్న చిన్న ప్రాంతం. పుదుచ్చేరి పట్టణానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది.

పుదుచ్చేరిలో చదివే యానాం విద్యార్థి బయటి రాష్ట్రం వాడు కాడు. అయినా తన కేంద్రపాలిత ప్రాంతంలోనే ఒక మూల నుంచి మరో మూలకు పోవడానికి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ రెండూ దారి ఇవ్వాలి. అక్కడికి చేరాక యానాం సరిహద్దు కూడా తెరుచుకోవాలి. కారైకాల్, మాహే విద్యార్థులకూ ఇలాంటి ఇబ్బందే ఎదురైంది.

ఇల్లే తరగతి గది అయినప్పుడు

ఇంటికి చేరడంతో సమస్య ముగియలేదు. పాఠాలు ఫోన్లలోకి, ల్యాప్‌టాప్‌లలోకి మారాయి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికి మాత్రమే కంప్యూటర్ ఉంది. పట్టణాల్లో అది 23.4 శాతం. ఇంటర్నెట్ సదుపాయం ఉన్న కుటుంబాలు గ్రామాల్లో దాదాపు 15 శాతం, పట్టణాల్లో 42 శాతం.

క్యాంపస్‌లో ఈ తేడాలు చాలావరకు కనబడవు. గ్రంథాలయం, వైఫై, ప్రయోగశాల, చదువుకునేందుకు ఒక బల్ల అందరికీ ఒకటే. కేంద్రీయ విశ్వవిద్యాలయ హాస్టల్ పేద విద్యార్థికి ఇచ్చేది పడక ఒక్కటే కాదు, చదువుకునే వాతావరణం కూడా. అది మూతపడటంతో ఎవరి ఇల్లు ఎలాంటిదో దాన్ని బట్టే చదువు సాగింది. ఒకే ఫోన్‌ను తోబుట్టువులతో పంచుకోవాల్సిన వారికి, సిగ్నల్ కోసం మేడ ఎక్కాల్సిన వారికి, పగలంతా ఇంటి పనులు మీద పడిన ఆడపిల్లలకు తరగతికి హాజరు కావడమే ఒక పరీక్ష.

ఫీజులు మరో భారం. ఫీజుల పెంపుపై పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో 2020 ఫిబ్రవరిలోనే, అంటే లాక్‌డౌన్‌కు ముందే, విద్యార్థులు ఆందోళన చేశారు. నెల తిరగకముందే అనేక కుటుంబాల ఆదాయానికి గండి పడింది. 2020-21లో చేరి నవంబరు 30లోగా ప్రవేశాన్ని రద్దు చేసుకున్నవారికి ఫీజు మొత్తాన్ని తిరిగి ఇవ్వాలని యూజీసీ సంస్థలను ఆదేశించింది.

పరీక్షలపై వివాదం ఎలా ముగిసింది?

చివరి సంవత్సరం పరీక్షలను సెప్టెంబరు నెలాఖరులోగా తప్పనిసరిగా నిర్వహించాలని యూజీసీ 2020 జులై 6న ప్రకటించింది. దీన్ని సవాలు చేస్తూ విద్యార్థులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. జస్టిస్ అశోక్ భూషణ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రాలు పరీక్షలను వాయిదా వేయవచ్చని, అయితే పరీక్ష లేకుండా చివరి సంవత్సరం విద్యార్థులను ఉత్తీర్ణులుగా ప్రకటించలేవని పేర్కొంది.

పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సెప్టెంబరులో జరిపిన చివరి సెమిస్టర్ పరీక్షలకు పుస్తకాలు చూసి రాసే విధానాన్ని అనుమతించింది. ఆన్‌లైన్‌లో గానీ, కేంద్రానికి వెళ్లి గానీ రాసే వీలు కల్పించింది. దూర రాష్ట్రాల వారికి ఇది ఊరట. పరీక్ష కోసం ప్రయాణం, ఆ తర్వాత క్వారంటైన్ తప్పాయి. పుస్తకాలు, నోట్సు క్యాంపస్ గదిలోనే వదిలి సెలవులకని ఇంటికి వచ్చినవారికి మాత్రం ఆ సౌలభ్యం కూడా సగమే.

వెళ్లలేనివారు: పరిశోధకులు, వైద్య విద్యార్థులు

పరిశోధక విద్యార్థులకు ఆన్‌లైన్ ప్రత్యామ్నాయం లేదు. ప్రయోగశాల, క్షేత్ర పరిశీలన ఆగితే పరిశోధనే ఆగుతుంది. ఎంఫిల్, పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాల సమర్పణకు యూజీసీ మొదట ఆరు నెలల గడువు ఇచ్చి, తర్వాత దాన్ని పొడిగిస్తూ వచ్చింది. గడువు పెరిగినంత మాత్రాన ఫెలోషిప్ కాలం కూడా పెరిగిందని కాదు. ఆ తేడా పరిశోధకుల జేబు మీద పడింది.

వైద్య విద్యార్థులది దీనికి పూర్తిగా భిన్నమైన పరిస్థితి. పుదుచ్చేరి గోరిమేడులోని జిప్‌మర్‌లో ఉన్నత వైద్య విద్య అభ్యసించే రెసిడెంట్ డాక్టర్లు ఇంటికి వెళ్లాలనుకున్నా వెళ్లలేని విధుల్లో ఉన్నారు. రెండో విడత ఉద్ధృతిలో, 2021 మే 3న, వైద్య ఇంటర్న్‌లను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడ్ విధుల్లో నియమించాలని కేంద్రం నిర్ణయించింది. నీట్-పీజీ పరీక్షను కనీసం నాలుగు నెలలు వాయిదా వేసింది.

తిరిగి క్యాంపస్‌కు

యూజీసీ 2020 నవంబరు 5న పునఃప్రారంభ మార్గదర్శకాలను విడుదల చేసింది. వాటిలోని ముఖ్యాంశాలు ఇవి:

- పరిశోధకులు, సైన్స్, టెక్నాలజీ పీజీ విద్యార్థులు ముందుగా రావచ్చు. చివరి సంవత్సరం వారినీ అనుమతించవచ్చు.
- ఏ సమయంలోనూ మొత్తం విద్యార్థుల్లో సగానికి మించి హాజరు ఉండరాదు.
- హాస్టళ్లను తప్పనిసరి అయితేనే తెరవాలి. ఒక గదిని ఒకరికి మించి పంచుకోరాదు.
- లక్షణాలు ఉన్నవారిని హాస్టల్‌లో ఉండనీయరాదు.

గదికి ఒక్కరే అంటే హాస్టళ్ల సామర్థ్యం పడిపోతుంది. స్థానిక విద్యార్థి ఇంటి నుంచి తరగతికి రాగలడు. దూరం నుంచి వచ్చే విద్యార్థికి హాస్టల్ దొరకకపోతే క్యాంపస్ తెరిచి ఉన్నా మూసినట్టే. తరగతులు మళ్లీ కుదుటపడకముందే రెండో విడత వచ్చింది. 2021 మేలో పుదుచ్చేరి మరోసారి పూర్తి లాక్‌డౌన్‌లోకి వెళ్లింది.

మనసు మీద పడిన భారం

ఒంటరితనం, ఇంటివారి ఆరోగ్యంపై బెంగ, ఉద్యోగాలపై అనిశ్చితి. ఈ మూడూ ఇంటికి దూరంగా ఉన్న విద్యార్థిని ఒకేసారి చుట్టుముట్టాయి. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై శ్రద్ధ పెట్టాలని యూజీసీ 2020 ఏప్రిల్‌లోనే విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. కేంద్రం అదే ఏడాది జులై 21న ‘మనోదర్పణ్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

మహమ్మారి అనుభవం నుంచి వచ్చిన శాశ్వత సదుపాయం ‘టెలీ మానస్’. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవను 14416 నంబరుకు ఫోన్ చేసి రోజంతా ఉచితంగా పొందవచ్చు. తెలుగుతో సహా అనేక భాషల్లో మాట్లాడే వీలుంది. పొరుగు భాష మాట్లాడే ఊళ్లో బెంగను తన భాషలో చెప్పుకోగలగడం చిన్న విషయం కాదు.

ఈ అనుభవం ఏం చెబుతోంది?

2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష, సీయూఈటీ, అమల్లోకి వచ్చింది. ఒకే పరీక్షతో దేశంలో ఎక్కడైనా సీటు పొందే అవకాశం ఏర్పడింది. అంటే ఇంటికి దూరంగా చదివే విద్యార్థుల రక్షణ ఒకటి రెండు పట్టణాలకు పరిమితమైన అంశం కాదు.

ఆ కాలం ఇచ్చిన పాఠాలు స్పష్టంగానే ఉన్నాయి. విపత్తు వేళ హాస్టల్‌ను మూయడమంటే కొందరి నివాసాన్ని మూయడమేనని గుర్తించాలి. ఒక రాష్ట్రం ఇచ్చే ప్రయాణ పత్రం దారిలోని అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లాలి. ఎవరు ఏ రాష్ట్రం వారో, ఎవరు ఇంకా క్యాంపస్‌లో ఉన్నారో చెప్పే జాబితా విశ్వవిద్యాలయం వద్ద మొదటి రోజే సిద్ధంగా ఉండాలి. 2020లో విద్యార్థుల ప్రయాణానికి ఉత్తర్వు రావడానికి ఐదు వారాలు పట్టింది. కాలాపేట హాస్టల్‌లో ఉన్నా, అమీర్‌పేట గదిలో ఉన్నా, ఆ ఐదు వారాలూ విద్యార్థులు ఏ రాష్ట్రం బాధ్యతో ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. మరో విపత్తు వచ్చేలోగా తేల్చుకోవలసిన విషయం అదే.