నల్లజీడి గుర్తు నుండి పట్టీ పరీక్ష వరకు

ములుగు, ఏటూరునాగారం అడవుల వైపు వెళ్లిన వారు నల్లజీడి చెట్టును చూచియే యుందురు. కాయకు పైన ఉబ్బియుండు నారింజరంగు తొడిమ తినదగినది. కాయ పెంకులో మాత్రము నల్లని సొన యుండును. పూర్వము రజకులు ఈ సొనను సూదిమొనతో బట్ట అంచున అద్ది, దానిపై సున్నము రాచి, ఏ ఇంటి బట్ట ఏదో తెలియుటకు గుర్తు పెట్టెడివారు. బట్ట చిరిగినను గుర్తు పోదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన దేశములో మకాము చేసిన అమెరికన్ సైనికులకు ఈ గుర్తు వలన విచిత్రమైన చిక్కు వచ్చినది. కొందరికి మెడ వెనుకను, నడుము వద్దను దురద, వాపు, నీటిపొక్కులు కనబడెను. చొక్కా మెడపట్టీ మీదను, లాగు నడుముపట్టీ మీదను ఉతికినవారు పెట్టిన గుర్తు చర్మమునకు తగులుచోటనే పొక్కులు! లివిన్‌గుడ్, రోజర్స్, ఫిట్జ్-హ్యూ అను వైద్యులు 1943లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో దీనిని ‘ధోబీ గుర్తు చర్మశోథ’ అను పేరుతో వర్ణించిరి.

ఇక్కడ ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రశ్న వేయవచ్చును. అదే గుర్తుగల బట్టలు తరతరాలుగా ధరించిన మనవారిలో ఎందరికో ఏమియు కాలేదు గదా! సొనయే విషమైనచో అందరికీ పొక్కవలెను. పొక్కలేదనగా, కారణము సొనలో కొంత, మనిషిలో కొంత ఉన్నదన్నమాట. గాఢమైన పచ్చిసొన ఎవరి చర్మమునైనను దహించును. అది వేరు సంగతి. బట్టపై ఆరిన లేశమాత్రపు సొనకు కూడ ఒకని చర్మము తిరుగబడుటయే ఎలర్జీ. అమెరికా పొదలలో అల్లుకొను పాయిజన్ ఐవీ తీగ కూడ జీడి కుటుంబములోనిదే. దాని వలన ఒకమారు బాధపడిన వాని శరీరమునకు నల్లజీడి సొన పూర్తిగా కొత్తది కాదు. రెండింటిలోని రసాయనములు దగ్గరి చుట్టములు. నల్లజీడి సొనలోని భిలవనాల్ అను పదార్థమును 1931లో పిళ్లై, సిద్దిఖీ అను భారతీయ రసాయనజ్ఞులు పరిశీలించిరి.

ఇన్ని వస్తువులు తాకుచుండు మనిషికి ఏ వస్తువు సరిపడలేదో కనిపెట్టుట ఎట్లు? చిత్రమేమనగా, ఈ కథ కూడ జీడితోనే మొదలైనది. 1847లో జర్మన్ రసాయనజ్ఞుడు స్టేడెలర్ జీడిమామిడి పెంకు నూనెను రొమ్ము కింది భాగమున ఒక చదరపు సెంటీమీటరు మేర పూసి, అదే నూనెలో తడిపిన అద్దుడు కాగితమును దానిపై ఉంచెను. పావుగంటలో మంట పుట్టెను. కొందరు దీనినే మొదటి పట్టీ పరీక్ష యందురు. నాకు అది ఒప్పుకొన బుద్ధి పుట్టదు. పావుగంటలో పుట్టిన మంట ఆ నూనె ఘాటును తెలుపును గాని, ఆ మనిషి ప్రత్యేకతను తెలుపదు.

ఆ గౌరవము బ్రెస్లావు నగరమునకు చెందిన జోసెఫ్ యాడసోన్‌దే. పాదరసపు మందులు వాడిన కొందరికి ఒళ్లు పొక్కుట చూచి, ఆయన పాదరసమును వారి మంచి చర్మముపై అంటించి పరీక్షించెను. ఆ చోటనే శోథ పుట్టెను, ఇతరులకు పుట్టదు. ఈ సంగతిని ఆయన 1895లో గ్రాజ్ నగరపు సభలో వివరించెను. ఎలర్జీ అను మాటను ఫాన్ పిర్కే సృష్టించినది 1906లో! అనగా పేరు పుట్టక పూర్వమే పరీక్ష పుట్టినది.

తరువాత స్విట్జర్లాండులో బ్రూనో బ్లాక్ దీనిని క్రమపద్ధతికి తెచ్చెను. మేరియన్ సుల్జ్‌బెర్గర్ అమెరికాకు చేర్చెను. డెన్మార్కు వైద్యుడు బోనెవీ 1939లో తరచుగా సరిపడని పదార్థముల జాబితా ప్రకటించెను. 1975లో ఫిన్లాండుకు చెందిన పిరిలా చిన్న అల్యూమినియం గిన్నెలను ప్రవేశపెట్టెను.

పట్టీ అంటించిన వెంటనే ఫలితము ఎందుకు కనబడదు? 1942లో లాండ్‌స్టీనర్, చేజ్ గినీ పందులపై చేసిన ప్రయోగము దీనికి దారి చూపెను. ఒక రసాయనమునకు ఎలర్జీ కలిగిన జంతువు నుండి తెల్లకణములను తీసి వేరొకదానికి ఎక్కించగా, ఆ ఎలర్జీ రెండవదానికి కూడ సంక్రమించెను. రక్తరసమును ఎక్కించినపుడు సంక్రమింపలేదు. ఈ పనిచేయు కణములను నేడు టీ-కణములందుము. అవి ఆ పదార్థమును గుర్తించి, వృద్ధిచెంది, చర్మమును చేరుటకు ఒకటి రెండు రోజులు పట్టును. అందుచేతనే వీపుపై అంటించిన పట్టీలను 48 గంటలకు తీసి చూచి, మరల ఒకటి రెండు దినముల తరువాత ఇంకొకసారి చూతురు. మొదటిసారి ఎర్రగా ఉండి రెండవసారికి మాసిపోయినచో అది కేవలము రాపిడి మంట యగుటకే అవకాశమెక్కువ. నానాటికి పెరిగి గట్టిపడినచో ఎలర్జీ.

పదార్థములను వాసెలిన్‌లో పలుచన చేయుటయే ఇందలి అసలు మెలకువ. గిల్టు నగలలోని నికెల్‌ను నికెల్ సల్ఫేట్ రూపములో 5 శాతముగాను, తాపీ పనివారిని బాధించు సిమెంటులోని క్రోమియంను పొటాషియం డైక్రోమేట్ రూపములో అర శాతముగాను, జుట్టురంగులోని పారాఫెనిలీన్ డైఅమీన్‌ను 1 శాతముగాను సాధారణముగా వాడుదురు. ఎక్కువైనచో అందరికీ పొక్కును, తక్కువైనచో ఎవరికీ పొక్కదు. పచ్చి జీడిసొనతో ఇంటివద్ద ఈ ప్రయోగము చేయబోవువారు స్టేడెలర్ మంటనే పొందుదురు గాని సమాధానమును పొందరు.

మన దేశపు పరీక్షా జాబితాలో పాశ్చాత్యుల జాబితాలలో సాధారణముగా కనబడని మొక్క యొకటి చేరినది: వయ్యారిభామ. పూనా వద్ద 1950ల నడుమ దృష్టికి వచ్చిన ఈ కలుపు నేడు వరంగల్లు బాటల వెంబడి, బీడులలో ఎక్కడ చూచినను కలదు. దానిలోని పార్థెనిన్ ఎండు ఆకుల దుమ్ముతో కలిసి ఎగురును. కావున దానిని చేత ముట్టని రైతుకు కూడ కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు పొక్కవచ్చును. ఇట్టి వారు ఏండ్ల తరబడి తిండిలో పథ్యము చేయుట కద్దు. వంకాయ మానుదురు, చేప మానుదురు, గట్టున కలుపు మాత్రము అట్లే యుండును. వీపున రెండు దినముల పట్టీ ఆ చిక్కు విప్పగలదు. అయితే ఆ రెండు దినములు వీపు తడుపరాదు, చెమట పట్టు పని చేయరాదు. మన మే నెల ఎండలలో పట్టీలు నిలుచుట కష్టము గనుక, వీలున్నచో చలికాలమున చేయించుకొనుట మేలు.