ప్యాకెట్ తెచ్చే నెలసరి

‘పిల్ వేసుకున్నాక పీరియడ్స్ రెగ్యులర్ అయ్యాయి, హార్మోన్లు సెట్ అయినట్టే’ అనే మాట పీసీఓడీ ఉన్న స్నేహితురాళ్ల దగ్గర చాలాసార్లు విన్నాను. రెగ్యులర్ అయిన మాట నిజమే. కాకపోతే ఆ క్యాలెండర్ ఒంటిది కాదు, ప్యాకెట్‌ది.

మామూలు నెలలో పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ వల్ల అండాశయంలో ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. నెల నడుమ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగిసి అండం విడుదలవుతుంది, ఆపైన ప్రొజెస్టిరాన్ పెరుగుతుంది. కంబైన్డ్ పిల్ ఈ రెండు హార్మోన్ల కృత్రిమ రూపాలను రోజూ బయటినుంచి ఇస్తుంది. కావలసినంత ఉందిలే అనుకుని పిట్యూటరీ తన పని తగ్గించేస్తుంది. (మా వృత్తిలో దీన్ని ఫీడ్‌బ్యాక్ లూప్ అంటాం. డాక్టర్లూ అదే అంటారు.) ఎల్‌హెచ్ ఎగవదు, అండం రాదు, అండాశయం సొంతంగా చేసే హార్మోన్లు బాగా పడిపోతాయి. మాత్ర ఆపిన ఏడు రోజుల్లో ఆసరా పోయి గర్భాశయపు పొర రాలుతుంది. నెలసరిలా కనిపించేది అదే.

మరి ఆ విరామం ఎందుకు పెట్టారు? 1950లలో అమెరికాలో జాన్ రాక్ అనే డాక్టరు పిల్లలు లేని స్త్రీలకి ఇలాంటి హార్మోన్లు ఆపకుండా ఇచ్చి చూశాడు. నెలసరి ఆగిపోయింది. కడుపొచ్చిందనుకున్నారు వాళ్లు. ఎంత క్రూరమైన ఆశో! గ్రెగరీ పింకస్ సలహాతో నెలకి ఇరవై రోజులిచ్చి ఆపడం మొదలైంది. రక్తం కనిపిస్తే ఆ అనుమానం ఉండదు. రాక్ రోజూ చర్చికి వెళ్లే క్యాథలిక్. ఈ మాత్ర ప్రకృతి చేసే పనే చేస్తుందని వాదించాడు. 1968లో పోప్ ఆరవ పాల్ ఒప్పుకోలేదు.

ఈస్ట్రోజెన్ కథ ఇంకా వింత. మొదటి మాత్రల్లో అది తయారీలో పొరపాటున కలిసిన మలినం. తీసేస్తే మధ్యమధ్యలో రక్తస్రావం ఎక్కువైంది. దాంతో కావాలనే తిరిగి కలిపారు.

అలా తయారైన ఎనోవిడ్‌ను 1956లో ప్యూర్టోరికోలోని పేద స్త్రీల మీద పరీక్షించారు. ఇది ప్రయోగమని వాళ్లకి చెప్పలేదు. అక్కడి డాక్టరు ఎడ్రిస్ రైస్-రే 17 శాతం మందికి వికారం, తలతిరుగుడు లాంటివి వస్తున్నాయని రాసింది. చాలావరకు మానసికమేనని పింకస్ కొట్టిపారేశాడు. ఆ మాత్రలో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 0.15 మిల్లీగ్రాములు. మన మాలా-డిలో ఇథినైల్ ఎస్ట్రాడియోల్ 0.03. మందులు వేరు, అంకెకి అంకె పోల్చలేం గానీ, మోతాదు తర్వాత ఇంత తగ్గించారంటే ఆ వికారం ఉత్త ఊహ అనుకోవడం నావల్ల కాదు.

విరామం వల్ల ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదని 2019లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు తేల్చాయి. మాలా-డిలో మాత్రం 21 హార్మోన్ మాత్రల తర్వాత 7 ఐరన్ మాత్రలు ఉంటాయి.