తారు అంచున మట్టి బాట

మా నాన్న తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసేవాడు. ఎడ్లబండ్లు, అంబారీ ఏనుగులు, దశావతారాలు. పండగల ముందు వాటిని గడ్డి పరిచిన వెదురు బుట్టలో సర్ది, పాత ట్యూబు ముక్కలతో సైకిల్ క్యారేజీకి బిగించి, కోడి కూయకముందే బెజవాడ బయల్దేరేవాడు. 1972లో మొదటిసారి నన్నూ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

కొండపల్లి దాటి ఇబ్రహీంపట్నంలో హైదరాబాదు రోడ్డు ఎక్కితే గుంటుపల్లి, గొల్లపూడి, భవానీపురం. ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి, అప్పుడు 9వ నంబరు. ఎదురెదురుగా వచ్చే రెండు లారీలు తప్పుకోవడానికి సరిపోయేంత తారు, దానికి అటూ ఇటూ మట్టి. ఆ మట్టిలో సైకిళ్ళు నడిచి నడిచి గట్టిపడిన సన్నటి బాట ఒకటి తెల్లగా మెరుస్తూ ఉండేది. దాన్ని ఏ కాంట్రాక్టరూ వేయలేదు. పాల క్యాన్లవాళ్ళు, కూరగాయల మూటలవాళ్ళు, తాపీమేస్త్రులు కలిసి తొక్కి వేసుకున్నదే. వెనక హారన్ వినపడితే చాలు, నాన్న తారు దిగి ఆ బాట పట్టేవాడు. వానాకాలంలో మాత్రం తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు గొయ్యి పడేది. ఒకసారి లారీకి దారి ఇవ్వబోతే అక్కడే ముందు చక్రం మెలికపడి బుట్ట బోర్లాపడింది. అవతారాల్లో నాలుగు విరిగాయి. నాన్న వాటిని ఏరి తువ్వాలులో మూటగట్టి ఇంటికి తెచ్చాడు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, మళ్ళీ రంగులు వేశాడు. లారీవాణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ దారిలో అది మామూలే అనుకున్నాడు. ఆ అనుకోవడమే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

1979లో ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం తొలి యూనిట్ మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు నేనూ అక్కడ పనిలో చేరాను. షిఫ్టు దిగే వేళ గేటు తెరిస్తే సైకిళ్ళే సైకిళ్ళు. పావుగంటలో వందకు పైగా బయటికి వచ్చేవని నా కళ్ళతో చూసి చెబుతున్నాను. అదే రోడ్డు మీద బూడిద లారీలు, బస్సులు.

మా అబ్బాయి సివిల్ ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఒక సంగతి చెప్పాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిల్ బాటలకు ప్రమాణాలు రాసి పెట్టిందట. గంటకు 200కు పైగా మోటారు బళ్ళు తిరిగే రోడ్డు మీద గంటకు 100 సైకిళ్ళు వెళ్ళినా చాలు, వేరే బాట వేయడం సమంజసమే. వెడల్పు కనీసం 2 మీటర్లు. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా షిఫ్టు ఒక్కటే చాలు ఆ లెక్కకు. ఆ దారిలో నేను తొక్కినన్నాళ్ళూ అలాంటి బాట ఒక్క గజం కూడా చూడలేదు.

ఆ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది 1934 డిసెంబరులో. అదే నెలలో లండన్ శివార్లలోని వెస్టర్న్ అవెన్యూ పక్కన బ్రిటన్‌లో తొలి సైకిల్ బాట తెరిచారు. దాన్ని వద్దన్నది సైకిల్ తొక్కేవాళ్ళే. పక్కన బాట వేశాక అసలు రోడ్డు మీదికి రానివ్వరేమోనని వాళ్ళ భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మా దగ్గర బాట వేయకుండానే రోడ్డు పోయింది. నాలుగు వరుసలు వచ్చాయి, మధ్యలో డివైడరు లేచింది. మట్టి అంచు మీద దుకాణాలు, ఆటోలు, ఆగిన లారీలు. మా తెల్లటి బాట తారు కిందికి వెళ్ళింది. రోడ్డు వెడల్పయినకొద్దీ మాకు ఇరుకైంది.

చోటు చేయడం చేతకాని పనేమీ కాదు. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక బెజవాడ దగ్గర కృష్ణ దాటే బళ్ళన్నీ దాని మీదే నడిచేవి. దిగువన కనకదుర్గ వారధి కట్టాక లారీలు అటు మళ్ళాయి, బ్యారేజీ మీద సైకిల్‌కు ఊపిరి ఆడింది. 2020 అక్టోబరులో దుర్గగుడి ఫ్లైఓవర్ తెరిచాక కొండకూ నదికీ మధ్య ఉన్న ఇరుకు దారి కూడా కాస్త తేలికపడింది. రెండూ సైకిల్ కోసం చేసినవి కావు. బరువు బళ్ళు తప్పుకుంటే చిన్న బళ్ళు బతుకుతాయని మాత్రం తేల్చాయి.

సైకిల్ కోసమే చేసింది హైదరాబాదులో ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్లు, పైన సౌర పలకల కప్పు, 2023 అక్టోబరు 1న తెరిచారు. మన ఎండలకు కప్పు వేయాలన్న ఆలోచన గొప్పది. అయితే అలాంటి నీడ షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళే మనిషికి ముందు అందాలి. తెల్లారి వ్యాయామానికి వచ్చేవాళ్ళు ఆ తర్వాత.

హైదరాబాదు–విజయవాడ రోడ్డును ఆరు వరుసలు చేయాలన్న ప్రతిపాదన నడుస్తోంది. ఆ పటాలు గీసేవారికి నా విన్నపం ఒక్కటే. కొలతలు మీ ప్రమాణాల్లోనే ఉన్నాయి. అంచున ఆ 2 మీటర్లు ఇప్పుడే గీయండి. మొత్తం ఒకేసారి కాకపోతే ముందు ఇబ్రహీంపట్నం నుంచి గొల్లపూడి దాకా వేయండి.