త్యాగయ్యగారి సన్నిధిలో నాగరత్నమ్మగారు



పుష్య బహుళ పంచమినాడు కావేరీతీరమునందలి తిరువయ్యారులో శ్రీ త్యాగరాజస్వామివారి ఆరాధన జరుగునని మనమందరము ఎరుగుదుము. ఆనాటి ఉదయము రేడియో దగ్గరనో, దూరదర్శన్ ఎదుటనో కూర్చుండి, వందలాది విద్వాంసులు ఏకకంఠముతో పంచరత్నకృతులు పాడుచుండగా విని పులకించిన వారమే. ఆ గోష్ఠిలో స్త్రీలును కూర్చుండి పాడుదురు. వారికి ఆ చోటు ఎట్లు దక్కినది, వారి యెదుటనున్న మందిరమును ఎవరు కట్టించినారు అని అడిగినచో మాత్రము మనలో చాలమంది తడుముకొందుము. గుడిలో గచ్చు వేయించినవారి పేరు, పంకా ఇచ్చినవారి పేరు గూడ రాతిమీద చెక్కించుకొను వారము మనము! త్యాగయ్యగారి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారి పేరు సంగీతము నేర్చినవారికి తప్ప తక్కినవారికి అంతగా తెలియదు. అందుచేత ఈ పూట ఆమెను గూర్చి చెప్పుకొందము.

ఆమె 1878వ సంవత్సరము నవంబరు 3న మైసూరు రాజ్యములోని నంజనగూడులో జన్మించినారు. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసీ కుటుంబమునకు చెందినది. తండ్రి వదలివేసి పోగా, తల్లియే నానా కష్టములు పడి బిడ్డకు సంస్కృతము, కన్నడము, తెలుగు, సంగీతము నేర్పించినది. బెంగుళూరులో ఆమెకు సంగీతము చెప్పిన మునుస్వామప్పగారు త్యాగరాజ శిష్యపరంపరలోని వాలాజాపేట శాఖకు చెందినవారు. అనగా త్యాగయ్యగారితో ఆమెకు గురుసంబంధము బాల్యముననే ఏర్పడినది. పదునైదేండ్లయినను నిండకమునుపే తల్లి గతించినది. పిమ్మట మైసూరు ఆస్థానములో పాడి మెప్పు పొంది, కొంతకాలమునకు మదరాసు చేరినారు. 1905 మొదలు 1934 వరకు ఆమె చేసిన కచేరీలు 1,235 అని లెక్క చెప్పుదురు. మదరాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి గూడ ఆమెయే అందురు. సంపాదించిన ధనము అంతటిది.

ఆమె విదుషి యనుటకు ఒక్క ఉదాహరణము చాలును. తంజావూరి ప్రతాపసింహ మహారాజు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము' పూర్వముద్రణలో కొన్ని పద్యములు తొలగింపబడియుండుట గమనించి, వ్రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా ప్రకటింపజేసినారు. వీరేశలింగంపంతులుగారంతటివారు ఆ కవయిత్రిని నిందించియుండగా, పురుషులు వ్రాసిన శృంగారకావ్యములకు లేని దోషము స్త్రీ వ్రాసినంతమాత్రమున ఎట్లు వచ్చినదని పీఠికలో నిలదీసినారు. ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది. ప్రకాశంపంతులుగారి మంత్రివర్గకాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ కావ్యము ఆలయ ప్రసంగమునకు తగిన వస్తువు కాదని కొందరు పెద్దలు అనవచ్చును. మేము కావ్యమును గూర్చి వాదింపము. అడిగినదానికి బదులు రాబట్టువరకు విడువని ఆమె స్వభావమును మాత్రమే చూపుచున్నాము. తిరువయ్యారులో అక్కరకు వచ్చినది ఆ స్వభావమే.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందినారు. అంతకుముందే సన్న్యాసము స్వీకరించియుండుటచేత దేహమును కావేరి ఒడ్డున సమాధి చేసి, బృందావనము నిర్మించినారు. శిష్యులు తమ తమ ఊళ్లలో గురువుగారి తిథిని జరుపుకొనుచుండిరి గాని సమాధిని పట్టించుకొన్నవారు లేక అది పాడుపడినది. 1903లో ఉమయాల్పురము కృష్ణ, సుందర భాగవతులు దానిని బాగుచేయించినారు. తరువాత తిల్లస్థానము నరసింహ భాగవతులు, పంజు భాగవతులు అను సోదరులు ఉత్సవము ఆరంభించినారు. అంతలోనే కలహములు పుట్టి 'పెద్ద కక్షి', 'చిన్న కక్షి' అని రెండు పక్షములేర్పడినవి. ఒకరి ఉత్సవము ఆరాధన దినముతో ముగియును, మరియొకరిది ఆనాడే మొదలగును. సద్గురువు ఒక్కరే, ఆరాధనలు రెండు! పచ్చడి మెతుకులకై ఊంఛవృత్తి చేసిన మహాత్ముని పేర ఇట్లు జరుగుట మనకు సిగ్గుగనే యుండును.

ఈ రెండు పక్షములు పోటీపడి ఉత్సవములు చేసినవే గాని సమాధికి నీడ కల్పింపలేదు. 1921లో ఆమె గురువులలో ఒకరైన బిడారం కృష్ణప్పగారు అక్కడికి పోయి, ఆ స్థలము దుస్థితి చూచి మనసు కరగి, ఆమెకు జాబు వ్రాసినారు. స్వామి ఆమెకు స్వప్నమున కనిపించి ఆజ్ఞాపించినారని గూడ చెప్పుదురు. జాబో, స్వప్నమో, ఆమె జాగు చేయలేదు. ఆ యేడు అక్టోబరులోనే శంకుస్థాపన జరిగినది. నగలమ్మినారు, కచేరీల సొమ్మంతయు అక్కడ గుమ్మరించినారు. 1925 జనవరిలో కుంభాభిషేకము జరిగి, త్యాగరాజస్వామి విగ్రహము ప్రతిష్ఠింపబడినది.

ఇక వినుడు. ఆమె కట్టించిన గుడిలో ఆమె పాడుటకు అనుమతి లేదు! స్త్రీలు సన్నిధిలో పాడరాదని రెండు పక్షములవారును అన్నారు. దేనియందును ఏకీభవింపని వారు ఈ ఒక్క విషయమున ఏకీభవించినారు. ఆ కాలమున సభలలో పాడు స్త్రీలు చాలవరకు దేవదాసీ కుటుంబములవారు. ఆమె సొమ్ముతో లేచిన గోడలకు అంటు లేదు, ఆమె కంఠమునకే అంటు!

ఆమె అలిగి మదరాసు పోలేదు. 1927లో తనవంటి స్త్రీలను కూడగట్టి, మందిరము వెనుకభాగమున వేరొక ఆరాధన ఆరంభించినారు. దానికి 'స్త్రీల కక్షి' అని పేరు వచ్చినది. ముందువైపున పురుషులు, వెనుకవైపున స్త్రీలు పాడుచుండగా కొన్ని సంవత్సరములు గడచినవి. కడకు ఎస్.వై. కృష్ణస్వామి అను ఐ.సి.యస్. అధికారి మొదలగువారు మధ్యవర్తులై నచ్చజెప్పగా, 1941 నాటికి మూడు పక్షములును ఒక్కటైనవి. అప్పటినుండి స్త్రీలు సన్నిధిలోనే పాడుచున్నారు.

ఇంకొక్క మాట దాచరాదు. ముత్తులక్ష్మీరెడ్డిగారు దేవదాసీ పద్ధతిని తొలగింపనెంచి శాసనసభలో యత్నించినప్పుడు, మదరాసులోని దేవదాసీల సంఘము దానిని ప్రతిఘటించినది. ఆ ప్రతిఘటించిన వారిలో నాగరత్నమ్మగారును కలరు. 1947లో చట్టము వచ్చినది. పసిబిడ్డలను ఊహ తెలియకమునుపే ఆ జీవితమునకు అర్పించుట ఆగిపోవుట మేలే అని మేము నిస్సంశయముగా తలంచుచున్నాము. అయినను ఆలయములలో తరతరములుగా సంగీత నాట్యములను కాపాడినవారినందరను ఒక్క నిందామాటతో కట్టి పారవేసిన ఆ రోజులలో, తమ విద్యకు గౌరవము కోరిన ఆమె బాధను గూడ కాదనలేము.

వార్ధక్యమున ఆమె తిరువయ్యారులోనే స్థిరపడి, దినదినము స్వామి సేవ చేయుచు కాలము గడపినారు. త్యాగరాజస్వామి పేర అష్టోత్తర శతనామావళి కూర్చినారు. తన ఆస్తిని సన్నిధి కైంకర్యమునకు ధర్మనిధిగా వ్రాసియిచ్చుచు, వీలునామాలో ఒక నియమము పెట్టినారు: అక్కడ అర్చించుటకును పాడుటకును స్త్రీలకు ఆటంకముండరాదు. 1952 మే 19న ఆమె కన్నుమూసినారు.

తిరువయ్యారు పోవువారు స్వామి సమాధిని దర్శించి వెనుదిరిగినచో, ఎదురుగా ఆమె సమాధి కనిపించును. అందులో ఆమె విగ్రహము చేతులు జోడించి, త్యాగయ్యగారివైపే చూచుచు కూర్చుండియున్నది.