వర్తక నౌకపై తుపాకి

వర్తక నౌక ఆయుధములు ధరించుట చట్టసమ్మతమేనా? ఈ ప్రశ్నకు నడిసముద్రమున ఒక సమాధానము, రేవులో మరియొక సమాధానము కలవు. ఆ రెండింటిని మనము క్రమముగా విచారింతము.

పూర్వము ఇట్టి సందేహమే లేదు. ఈస్టిండియా కంపెనీ ఓడలు సరకులతో పాటు ఫిరంగులను కూడ మోసికొని పోయెడివి. యుద్ధకాలమున రాజు నుండి అనుమతిపత్రము పొందిన ప్రైవేటు ఓడలు శత్రుదేశపు వర్తక నౌకలను పట్టుకొనెడివి. వానికిని సముద్రపు దొంగలకును భేదము ఆ కాగితమొక్కటియే! 1856లో పారిస్ ప్రకటన ఈ పద్ధతిని రద్దుచేసెను. వర్తకుని ఆత్మరక్షణ హక్కును మాత్రము అది తొలగింపలేదు.

నేటి వ్యవహారమునకు ఆధారము 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయ ఒడంబడిక. నడిసముద్రమున ఓడ ఏ దేశపు పతాకము ఎగురవేయునో ఆ దేశపు చట్టమే దానికి వర్తించును. సోమాలియా దొంగల బెడద పెరిగిన పిమ్మట, 2011లో భారత ప్రభుత్వము మన పతాకము గల ఓడలు సాయుధ రక్షకులను నియమించుకొనుటకు నిబంధనలు ప్రకటించెను.

రేవు సంగతి వేరు. అచట తీరదేశపు ఆయుధ చట్టము ఎదురుపడును. 2013లో సీమన్ గార్డ్ ఓహయో అను రక్షక నౌకను తూత్తుకుడికి తీసికొనిరాగా, అందలి 35 మందియు ఆయుధ చట్టము క్రింద నిర్బంధింపబడిరి. 2016లో వారికి శిక్ష పడెను. 2017లో మద్రాసు హైకోర్టు వారిని నిర్దోషులుగా విడిచిపెట్టెను.

అంతకంటె కఠినమైన ప్రశ్న 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరమునకు సుమారు 20 నాటికల్ మైళ్ల దూరమున తలయెత్తెను. ఎన్రికా లెక్సీ అను ఇటలీ చమురు ఓడకు కావలియున్న ఆ దేశపు నావికాదళ సైనికుల కాల్పులలో ఇద్దరు భారతీయ జాలరులు మరణించిరి. వారిని దొంగలనుకొంటిమని సైనికుల వాదము. విచారించు హక్కు ఎవరిదను వివాదము ఎనిమిదేండ్లు నడచెను. సైనికులపై నేరవిచారణ జరుపు అధికారము భారతదేశమునకు లేదనియు, ఇటలీ నష్టపరిహార మీయవలెననియు 2020లో అంతర్జాతీయ మధ్యవర్తి మండలి తీర్పు చెప్పెను. 10 కోట్ల రూపాయలు జమయైన పిమ్మట 2021లో సుప్రీంకోర్టు కేసును ముగించెను.

ఓడలో తుపాకి ఉంచుకొనుటకు ప్రభుత్వపు అనుమతి చాలును. ఎదురుగా వచ్చునది దొంగ పడవయో, వల చుట్టుకొని ఇల్లు చేరబోవు జాలరి పడవయో నిర్ణయింపవలసినవాడు తుపాకి పట్టిన మనిషియే. అతడు పొరబడినచో ఎవరు ఉత్తరవాదులో ముందుగానే తేల్చునట్టి చట్టమే సముద్రమునకు నేటికిని కావలసియున్నది.