తీసేవారు, దిగేవారు: ఆత్మచిత్రానికి విమర్శ ఎలా ఉండాలి?

హాలియాలో కొందరు యువకులు తమను తాము తీసుకున్న ఫొటోలను నలుగురిలో పెట్టి, మంచిచెడ్డలు చెప్పించుకోవాలని ఒక సాయంత్రం సమావేశమయ్యారు. సాహిత్య సభల్లో కథలను, కవితలను విమర్శించిన అనుభవం ఉన్నవాడినని నన్నూ పిలిచారు. వారిలో ఒకతను రైస్ మిల్లులో హమాలీ. అతని ఫొటోలో ముఖం సగం ఊక దుమ్ములో మునిగిపోయి ఉంది. కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. నేను పెద్దరికంతో, "ముఖం స్పష్టంగా లేదు. కాస్త కడుక్కుని, వెలుతురులో తీసుకుంటే బాగుండేది" అన్నాను. అతను నొచ్చుకోలేదు. "మిల్లుల నా మొకం గిట్లనే ఉంటది సార్. కడుక్కొని దిగితే అది పెండ్లి ఫొటో అయితది" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను చేసింది విమర్శ కాదనీ, పాతకాలపు స్టూడియో యజమాని చెప్పే మాటనే మళ్ళీ చెప్పాననీ ఇంటికి వచ్చాక అర్థమైంది. ఆ మాట నా నోటికి ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి సమాధానం నా వ్యక్తిగత స్వభావంలో కంటే ఫొటోగ్రఫీ చరిత్రలోనే ఎక్కువగా దొరుకుతుంది.

మన భాషలో ఒక విశేషం ఉంది. కెమెరా పట్టినవాడు ఫొటో "తీస్తాడు". కెమెరా ముందు నిలబడినవాడు ఫొటో "దిగుతాడు". రెండు క్రియలు, ఇద్దరు మనుషులు. తీసేవాడికి పరికరం ఉంది, డబ్బు ఉంది, ఎలా కూర్చోవాలో చెప్పే అధికారం ఉంది. దిగేవాడికి కదలకుండా ఉండే బాధ్యత మాత్రమే ఉంది. ఫొటోగ్రఫీ చరిత్రలో అధిక భాగం ఈ రెండు క్రియల మధ్య ఉన్న దూరం చరిత్రే.

మన ప్రాంతంలో ఈ చరిత్ర నిజాం దర్బారుతో మొదలవుతుందని చెప్పవచ్చు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) గొప్ప కళాకారుడు. అందులో సందేహం లేదు. వేట విడుదులు, విందులు, వైస్రాయిల రాకపోకలు ఆయన పలకల మీద అపురూపంగా నిలిచాయి. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. అయితే అదే సంస్థానంలో 1899–1900 కరువు కాలాన సహాయక పనుల దగ్గర చేరిన బీదజనం కూడా ఆ స్టూడియో కెమెరాకు ఎక్కారు. ప్రభువు దిగిన ఫొటో ప్రభువు చేతికే వెళుతుంది. ఆయన మెచ్చుకోవచ్చు, తిరగ్గొట్టవచ్చు. కరువు కూలి దిగిన ఫొటో కూడా ప్రభువు ఆల్బంలోకే వెళుతుంది. బాగుందో లేదో కూలిని అడిగేవారు ఎవరు? అభిప్రాయం చెప్పే హక్కు కూడా ఆస్తి లాంటిదే. అది కొందరికే ఉండింది.

తరువాత ఫొటో స్టూడియోలు తాలూకా పట్నాలకు వచ్చాయి. వెనక తోటలు, మేడలు గీసిన తెర, పక్కన పూలకుండీ, "గడ్డం కొంచెం పైకి", "నవ్వాలి", "కదలొద్దు" అనే ఆజ్ఞలు. ఫొటో చేతికి వచ్చాక సామాన్యుడు ఆ దుకాణం బల్ల ముందు నిలబడి చెప్పినదే మన ఊళ్ళలో తొలి ఫొటో విమర్శ. "నల్లగ వచ్చిన" అన్నదే ఆ విమర్శ. అప్పుడు యజమాని నెగటివ్ మీద పెన్సిలు పట్టి ముడతలు తీసేసేవాడు, మచ్చలు మాన్పేవాడు, ప్రింటులో ఒంటి రంగు తేల్చేవాడు. ఎండలో పనిచేసిన శరీరం మీద శ్రమ వేసిన గుర్తులను చెరిపేస్తే తప్ప ఫొటో "మంచిగ వచ్చింది" అనిపించుకోలేదు. దిగినవాడే తన ముఖాన్ని పై వర్గాల కళ్ళతో చూసుకున్నాడు. ఇది అతని దోషం కాదు. ఆధిపత్య భావజాలం పనిచేసే తీరే అది.

ఇది మన దేశానికే పరిమితం కాదు. కలర్ ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ లాబరేటరీలకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. వాటిని "షర్లీ కార్డులు" అనేవారు. తెల్లని చర్మం సరిగా వస్తే ఫొటో సరిగా వచ్చినట్టు లెక్క. కాబట్టి "ఎక్స్‌పోజర్ సరిగా లేదు", "ముఖం చీకటైంది" అనే సాంకేతిక విమర్శ కూడా ఎప్పుడూ తటస్థమైనది కాదు. ఎవరి ముఖాన్ని కొలతగా పెట్టుకుని ఆ మాట అంటున్నామన్నది ముందుగా వేసుకోవలసిన ప్రశ్న.

మరి తీసేవాడూ దిగేవాడూ ఒక్కడే అయినప్పుడు? ఫొటోగ్రఫీ పుట్టిన 1839లోనే ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ తన ఫొటో తానే తీసుకున్నాడు. మరుసటి ఏడు ఫ్రాన్సులో ఇపోలిత్ బయార్ నీట మునిగి చచ్చిన శవంలా నటిస్తూ తన ఫొటో తీసుకున్నాడు. ఫొటో తయారుచేసే ఒక పద్ధతిని తానూ కనిపెట్టినా, ప్రభుత్వం గౌరవమంతా దగేర్‌కే ఇచ్చి తనను విస్మరించిందని ఆ ఫొటో వెనుక రాసి ఎత్తిపొడిచాడు. ఆత్మచిత్రం తొలి అడుగుల్లోనే ఒక ఫిర్యాదు పత్రంగా మారిందన్న సంగతి గమనార్హం. అది అద్దంలో అందం చూసుకోవడం కాదు, "నన్ను ఇలా చేశారు" అని చెప్పడం. మన దేశంలో మాత్రం ఆ తొలినాళ్ళలో ఈ అవకాశం కెమెరా కొనగలిగినవారికే దక్కింది. జైపూర్ మహారాజు రెండవ రామ్‌సింగ్ తన ఫొటోలు తానే తీసుకున్నాడు. ఆయన ప్రజలకు అటువంటి వీలు ఎక్కడిది?

ఫొటోలను విమర్శించే సంస్థలు కూడా త్వరగానే వచ్చాయి. బొంబాయిలో 1854లో, కలకత్తా, మద్రాసుల్లో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. సభ్యులు ఫొటోలు తెచ్చి చూపేవారు, చర్చించేవారు. కలకత్తా సొసైటీ కార్యవర్గంలో ఉన్న రాజేంద్రలాల్ మిత్రా 1857లో ఒక బహిరంగ సభలో నీలిమందు దొరల దౌర్జన్యాలను ఖండించారు. సొసైటీ ఆయనను బయటకు పంపింది. వెలుగునీడల గురించి ఎంతైనా విమర్శించవచ్చు, దొరల గురించి కూడదు! కళావిమర్శను జీవితవిమర్శ నుంచి విడదీసే ధోరణి ఎవరి ప్రయోజనాన్ని కాపాడుతుందో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

దీనికి పూర్తిగా భిన్నమైన ప్రయత్నం జర్మనీలో జరిగింది. అక్కడ 1926లో శ్రామిక ఫొటోగ్రాఫర్ల ఉద్యమం మొదలైంది. పత్రికలు తమ జీవితాన్ని చూపడం లేదు గనుక కార్మికులే తమ ఇళ్ళను, యంత్రాలను, సమ్మెలను ఫొటోలు తీయాలని పిలుపునిచ్చారు. "దేర్ అర్బైటర్ ఫోటోగ్రాఫ్" అనే పత్రిక వారు పంపిన ఫొటోలను అచ్చువేయడంతో ఊరుకోలేదు, విమర్శించింది కూడా. "శ్రామికుడు తీశాడు కాబట్టి బాగుంది" అనలేదు. 1930లో ఎడ్విన్ హెర్న్లే అదే పత్రికలో కార్మికుడి కన్ను గురించి రాశాడు. చేతికి కెమెరా వస్తే చాలదనీ, చూపు కూడా మారాలనీ ఆయన వాదన. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే ఆ ఉద్యమం అణగారిపోయింది. ఆ పాఠం మాత్రం మిగిలింది.

నల్లగొండకు మళ్ళీ వద్దాం. తెలంగాణ సాయుధ రైతాంగ పోరాటాన్ని మనకు ఫొటోలుగా మిగిల్చిన వారిలో సునీల్ జానా ముఖ్యుడు. ఆయన ఉద్యమం మనిషి, జనం పక్షాన నిలబడి తీశాడు. అయినా ఆ రైతులు దిగినవారే. తుపాకి పట్టిన స్త్రీల బొమ్మలను దశాబ్దాల పాటు గోడలకు తగిలించుకున్నాం. ఆ స్త్రీలు ఏమనుకున్నారో వినడానికి 1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అందులో వారు తమ త్యాగాలతోపాటు ఉద్యమం తమను చూసిన తీరు గురించి కూడా మాట్లాడారు. మాటలతో గీసుకున్న ఆత్మచిత్రాలవి. అలాగే మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఫ్లోరోసిస్ బాధితుల వంగిన కాళ్ళ ఫొటోలు దేశమంతా తిరిగాయి. అవి సమస్యను లోకానికి చెప్పాయి, కాదనలేం. కాని ఆ కాళ్ళ పైన ఉన్న మనిషి తన ఫొటోను ఎలా తీసుకునేవాడో మనం అడగలేదు.

ఈనాడు సెల్‌ఫోను రెండు క్రియలనూ ఒక్క చేతిలో పెట్టింది. "సెల్ఫీ" అనే మాటను 2013లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఆ ఏటి మాటగా ప్రకటించింది. మనవాళ్ళు "సెల్ఫీ తీసుకున్న" అంటారు, "సెల్ఫీ దిగిన" అని కూడా అంటారు. రెండూ నిజమే. విమర్శకుడు గుర్తుంచుకోవలసింది ఇక్కడే ఉంది. ఆత్మచిత్రంలో ఒకే మనిషి రెండు పాత్రల్లో ఉన్నాడు. తీసిన మనిషిని నిర్మొహమాటంగా విమర్శించాలి: ఎక్కడ నిలబడ్డావు, దేన్ని చట్రం బయట వదిలేశావు, ఎందుకు? దిగిన మనిషిని మాత్రం తీర్పుకు పెట్టకూడదు. రంగు, ముఖం, బట్టలు, శరీరం విమర్శకు వస్తువులు కావు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే విమర్శ అవమానమవుతుంది. రెంటికీ భయపడి పొగిడితే అది అలక్ష్యమే అవుతుంది. "బాగుంది" అని ముక్తసరిగా అనేయడం ఎదుటివాడి పనిని పట్టించుకోకపోవడమే.

విమర్శ స్వీకరించేవారికీ బాధ్యత ఉంది. "నా ముఖం నా ఇష్టం" అనేది వాదన కాదు. నలుగురి ముందు పెట్టిన క్షణాన అది నలుగురిదీ అవుతుంది. ఆ హమాలీ యువకుడు అలా అనలేదు. తాను ఎంచుకున్నదానికి కారణం చెప్పాడు. ఆ కారణం ముందు నా సలహా నిలబడలేదు.

తరువాతి సమావేశంలో నేను ముందుగా నా తప్పు ఒప్పుకున్నాను. విమర్శ–ఆత్మవిమర్శ అని మనం ఎప్పుడూ అంటుంటాం. రెండోది ఎదుటివారికి వదిలేస్తుంటాం. ఆ తరువాత అతన్ని అడిగాను: "దుమ్ము కనబడుతోంది, సరే. బరువు ఎక్కడుంది?" సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పెరిగింది, వరితో మిల్లులు పెరిగాయి. ఆ బస్తాలన్నీ మోసిన భుజం ఫొటోలో లేదు. అతను చాలాసేపు తన ఫొటోనే చూశాడు. "అవు సార్, మొకమే తీసిన. భుజం ఇడిశిపెట్టిన" అన్నాడు.

అది మళ్ళీ తీస్తానన్నాడు. ఎలా తీయాలో నేను చెప్పలేదు.