దించిన కారు, జరిగిన ఇరుసు

స్ప్రింగులు మార్చి కారును రెండంగుళాలు దించినవాళ్ళు ముందు దాని వాలకం చూసి మురిసిపోతారు. వెనక్కి వెళ్ళి నిలబడ్డాకే గుబులు మొదలవుతుంది. ఒక పక్క టైరు ఫెండరు అంచుకు ఒరుసుకున్నట్టు బయటికి వచ్చి ఉంటుంది, రెండో పక్కది లోపలికి నక్కి ఉంటుంది. చట్రం వంగిందేమో, యాక్సిడెంటు బండి అంటగట్టారేమో అన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు ఏదీ వంగి ఉండదు. ఇరుసు మొత్తం ఒక పక్కకు జరిగి ఉంటుంది. జరిపింది వెనక అడ్డంగా బిగించిన ఒక ఇనుప కడ్డీ. ఆ కడ్డీలోని చిక్కు కార్ల కంటే పాతది.

ఆవిరి యంత్రంలో పిస్టన్ కడ్డీ నిటారుగా పైకీ కిందికీ ఆడాలి. దాన్ని లాగే దూలం కొస మాత్రం వంపుగా తిరుగుతుంది. ఒక కొస బిగించిన ఏ కడ్డీ అయినా అంతే, బందు చుట్టూ తలుపు తిరిగినట్టు రెండో కొస వృత్తంలోనే నడుస్తుంది. 1784లో జేమ్స్ వాట్ దీనికి పేటెంటు తీసుకున్న ఉపాయం చూడముచ్చటైనది. రెండు కడ్డీలను ఎదురెదురుగా పెట్టి, వాటి కొసలను మధ్యలో ఒక చిన్న ముక్కతో కలిపాడు. ఒకటి ఎడమకు లాగినంత రెండోది కుడికి లాగుతుంది, ముక్క నడిమి బిందువు దాదాపు తిన్నగా కదులుతుంది. తాను కనిపెట్టిన వాటన్నిటిలో దీన్ని చూసే ఎక్కువ గర్వపడతానని వాట్ పెద్దవయసులో కొడుకుకు రాశాడు. గర్వపడదగ్గ పనే.

తొలినాటి కార్లకు ఈ గొడవ లేదు. అప్పటి కమాన్ కట్టలు బరువు మోసేవి, ఇరుసును ముందుకూ వెనక్కూ పోనిచ్చేవి కావు, పక్కలకూ కదలనిచ్చేవి కావు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక భాగాలు ఈ పద్ధతివే. అలాంటి బండిని దించినంత మాత్రాన ఇరుసు పక్కకు పోదు. పోయిందంటే యూ బోల్టులు, బుష్‌లు వెతకాలి.

కాయిల్ స్ప్రింగు వచ్చాక పరిస్థితి మారింది. అది మెత్తగా బరువు మోస్తుంది గానీ ఇరుసును పట్టి ఉంచలేదు. పట్టుకోవడానికి వేరే కడ్డీ కావాలి. ముందు ఇంజను, వెనక చక్రాలకు శక్తి అనే అమరికను 1891లో స్థిరపరిచిన ఫ్రెంచి కంపెనీ పాన్‌హార్డ్ ఎ లెవాసోర్ పేరే ఈ కడ్డీకి దక్కింది. ఒక కొస బాడీకి, రెండో కొస ఇరుసుకు, అంతకు మించి ఏమీ లేదు. 1938లో బ్యూయిక్ తన కార్లకు వెనక కాయిల్ స్ప్రింగులు పెట్టింది. ఆ తర్వాత ఇలాంటి అడ్డకడ్డీలు ఎన్నో కార్ల కిందికి చేరాయి. చవక, తేలిక, చోటు తక్కువ.

దాని లోపం లెక్కలో తేలుతుంది. కడ్డీ పొడవు 900 మి.మీ. అనుకుందాం. బాడీ వైపు కొస ఇరుసు వైపు కొస కంటే 120 మి.మీ. ఎత్తున ఉంది. కారును 50 మి.మీ. దించితే ఆ తేడా 70కి తగ్గుతుంది, కడ్డీ మరికాస్త చదునవుతుంది, అడ్డంగా అది ఆక్రమించే పొడవు సుమారు 5 మి.మీ. పెరుగుతుంది. ఇరుసు అంతమేర బాడీ కొసకు దూరంగా జరుగుతుంది. ఒక పక్క 5 పెరిగి రెండో పక్క 5 తగ్గాయి కాబట్టి కంటికి కనపడే తేడా 10 మి.మీ. పైనే. కంపెనీ ఎత్తులోనే కడ్డీ చదునుగా ఉంటే ఇరుసు ఎదురు దిక్కుకు, బాడీ కొస వైపుకు పోతుంది.

ఈ సంగతిని అందరికంటే కళ్ళారా చూసినవాళ్ళు కాలిఫోర్నియా లోరైడర్లు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అక్కడి మెక్సికన్ అమెరికన్ యువకులు డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, స్ప్రింగు చుట్లు కోసి కార్లను నేలకు ఆనించేవారు. బాడీలో ఏ భాగమూ చక్రపు రిమ్ము కంటే కిందికి ఉండకూడదని 1958లో చట్టం వచ్చింది. 1959లో రాన్ అగిర్రే తన కార్వెట్‌కు హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసులు కనపడితే ఎత్తడం, వెళ్ళిపోయాక దించడం. ఆ తర్వాత లోరైడర్ల ముద్దుబిడ్డ అయిన 1964 షెవర్లే ఇంపాలా వెనక పాన్‌హార్డ్ కడ్డీ ఉంది. హైడ్రాలిక్స్‌తో వెనక భాగం బాగా లేచినప్పుడు ఇరుసు ఒక పక్కకు పోయి టైరు ఫెండరుకు రాసుకునేది. కొందరు కడ్డీని సాగదీయగలిగేలా మార్చారు. మరికొందరు దాన్ని పూర్తిగా తీసేసి, చట్రం నుంచి డిఫరెన్షియల్ మీదికి వచ్చే వై ఆకారపు ఆర్మ్‌ను వెల్డింగ్ చేయించారు. గ్యారేజీల్లో, ఇంటి వాకిళ్ళలో పుట్టిన ఈ పరిష్కారాలకు ఇంజనీరింగ్ చరిత్రలో రావాల్సిన చోటు ఇంకా రాలేదు. 1958 నాటి నిషేధం తొలగింది 2024 జనవరి 1న.

కార్ల కంపెనీలు వాట్ దగ్గరికే వెళ్ళాయి. 1958 ఆస్టన్ మార్టిన్ డీబీ4, 1978 మజ్దా ఆర్‌ఎక్స్-7 ఇరుసులను వాట్ లింకేజీ పట్టుకుంది. మన దేశంలో 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ వెనక ఉన్నదీ అదే. అమెరికా కార్ల రేసు నాస్కార్ మాత్రం పాన్‌హార్డ్ కడ్డీ లోపాన్నే పనిముట్టుగా మార్చుకుంది. పిట్‌లో మెకానిక్ పొడవాటి రెంచి తిప్పి కడ్డీ కొస ఎత్తు మారిస్తే మలుపుల్లో కారు తిరిగే తీరు మారిపోయేది. 2015లో ఆ సర్దుబాటు డ్రైవరు చేతికే వచ్చింది. 2022లో ఇరుసే పోయి స్వతంత్ర సస్పెన్షన్ వచ్చింది.

సామాన్యుడి కారుకు మందు తేలిక. 1983లో వచ్చిన టయోటా ఏఈ86, 2005 నుంచి 2014 దాకా వచ్చిన మస్టాంగ్, రెండింటికీ బజారులో సర్దుకునే కడ్డీలు దొరుకుతాయి. వాటికి ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర ఉంటుంది. మధ్యభాగాన్ని తిప్పితే పొడవు మారుతుంది, తర్వాత లాక్ నట్ బిగించాలి. కొలత మాత్రం ఫెండరు నుంచి తీస్తే మోసం. ఫెండర్లే రెండు పక్కలా సమానంగా ఉండవు. చట్రం నుంచి రిమ్ము లోపలి అంచుకు కొలవాలి, అదీ కారు జాకీ మీద కాకుండా చదునైన నేల మీద, తన బరువుతో నిలబడి ఉన్నప్పుడు. స్పేసర్లతో టైరును బయటికి నెట్టి తేడా కప్పేయడం తప్పుడు పని, ఇరుసు జరిగినచోటే ఉంటుంది.

బండిని ఎత్తేవాళ్ళదీ ఇదే సమస్య, తిరగేసి. సుజుకీ జిమ్నీ లాంటి బండిని లిఫ్ట్ చేస్తే కడ్డీ నిటారుకు దగ్గరవుతుంది, ఇరుసు బాడీ కొస వైపుకు లాగబడుతుంది, కడ్డీని పొడిగించాలి. దించినప్పుడు సాధారణంగా కుదించాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కట్టడి చేస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి ఇక్కడ రెంచి పట్టుకునే ముందు ఆ సెక్షన్ చదువుకోవాలి. కడ్డీకి రబ్బరు బుష్‌లు ఉంటే వాటి బోల్టులను కారు నేల మీద తన ఎత్తులో ఉన్నప్పుడే పూర్తిగా బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది.